చిన్నాయన బండి చప్పుడు

పోయిన ఆదివారం నా దగ్గర చదువుకునే కుర్రవాడొకడు బుల్లెట్ సైలెన్సరును గోనెసంచిలో చుట్టుకుని ఇంటికి వచ్చాడు. పాత బండి కొన్నాడట. చప్పుడు ఇంకా లావుగా, విన్నవాడి గుండెలో మోగేటట్టు రావాలట. లోపలి గొట్టం ఎంత కోయాలో, చిల్లులు ఎక్కడ పెట్టాలో లెక్కకట్టి చెప్పమన్నాడు. తిరుపతిలో మెకానిక్కులు తలా ఒక మాట చెబుతున్నారనీ, మీకైతే కొలతలు తెలుసని ఎవరో అన్నారనీ చెప్పాడు. కొలతలు నాకు తెలుసు. తెలియవని చెప్పి పంపించాను. ఎండలో అంత బరువు మోసుకొచ్చిన పిల్లవాడికి కాఫీ అయినా ఇవ్వనియ్యలేదేమని నా భార్య అడిగింది. ఏదో సర్దిచెప్పాను. నాకింకా ముప్పై అయిదు దాటలేదు, జ్ఞాపకాలు రాసే వయసు కాదు. అయినా ఆమెకు నోటితో చెప్పలేనిది కాగితం మీద చెప్పడం నాకు తేలిక.

మా ఇల్లు వడమాలపేటలో, పుత్తూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉండేది. ఇంట్లో తాత, నాయన, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, నేను. నాయనకు సేద్యం. చిన్నాయన మామిడి తోటలను పూత మీదే మాట్లాడుకుని, కాయ దిగాక చిత్తూరు, తిరుపతి మండీలకు తోలేవాడు. నేను తిరుపతిలో పాలిటెక్నిక్ చదువుతూ రోజూ బస్సులో పోయివచ్చేవాణ్ణి. చిన్నాయనకు ఒక బుల్లెట్ ఉండేది. దాని సైలెన్సరును చిత్తూరులో కోయించి, మార్పించి, మా చుట్టుపక్కల ఏ బండికీ లేని ఒక బరువైన చప్పుడు తెప్పించుకున్నాడు. ఆ చప్పుడు మా ఇంటి గడియారం. దీపాలు పెట్టే వేళకు రోడ్డు మీద కల్వర్టు దగ్గర అది వినపడగానే తిన్నె మీద కూర్చున్న తాత లోపలికి తిరిగి, సంగటి గెలకమని అమ్మకు చెప్పేవాడు. బండి వాకిట్లో ఆగేసరికి కుండ దిగేది. చిన్నమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గడప దగ్గర పెట్టేది. చిన్నాయన చొక్కా నిండా మామిడి సొన వాసన, పెట్రోలు వాసన. కాళ్లు కడుక్కుని తాత పక్కన కూర్చుని తినేవాడు. తాత ఆ పూట ఆయనతో తప్ప తినడు. తింటున్నంతసేపూ, ఊరికంతా దండోరా వేసినట్టు ఆ మోత ఎందుకని తిడుతూనే ఉండేవాడు. వినపడకపోతే తిన్నె దిగి రోడ్డు దాకా పోయేది కూడా ఆయనే.

ఆ యేడు కాయ దిగే కాలంలో తాత పశువుల కొట్టంలో జారిపడ్డాడు. తుంటి దగ్గర ఎముక విరిగింది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరు ఎంత దూరమని, చిన్నాయనే కారు మాట్లాడి తీసుకుపోయి కట్టు కట్టించుకుని వచ్చాడు. నడుము నుంచి మోకాలి కింది దాకా ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ, వెదురు బద్దలు. ఆ వాసన నడిమింట్లో నిండిపోయింది. కట్టినవాళ్లు చెప్పింది మూడు మాటలు: కదలకూడదు, తడవకూడదు, బాగా తినాలి. గుండె బలహీనంగా ఉందనీ, మనసుకు దెబ్బ తగిలే మాట ఏదీ చెవిన వేయొద్దనీ ఎప్పుడూ చూసే తిరుపతి డాక్టరు ఇంకొకటి కలిపాడు. తాతను నడిమింట్లో నులకమంచం మీద పలక వేసి పడుకోబెట్టాం. తల గోడవైపు. ఆయనకు కనిపించేది దూలాలు, ఒక గూడు, లోపలికి వచ్చినవాళ్ల ముఖాలు. మిగతా ఇల్లంతా ఆయనకు చెవుల్లోనే.

ఒక సాయంత్రం నొప్పి బాగా ఉన్నప్పుడు చిన్నాయన బండి వాకిట్లోకి వచ్చింది. పలక అదిరింది కాబోలు. ఎముకలు అదిరిపోతున్నాయి, ఆ బండి ఇంగ నా వాకిట్లోకి తేవద్దని తాత అరిచాడు. చిన్నాయన నవ్వి, సరేలే నాయనా అన్నాడు. మరునాడు తెల్లవారి బండిని కల్వర్టు దాకా తోసుకుపోయి అక్కడ స్టార్టు చేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే రేణిగుంట దారిలో లారీ తగిలి పోయాడు.

ఆసుపత్రి వరండాలో నాయన నన్నూ, ఇద్దరు బంధువులనూ పక్కకు పిలిచి, ఇంటికి తీసుకుపోవద్దు అన్నాడు. శవం ఇంటికి వస్తే ఏడుపులు, ఏడుపులు వింటే తాత లేస్తాడు, లేస్తే ఎముక పోతుంది, ఎముకతోపాటు మనిషీ పోతాడు. ఒకేసారి ఇద్దరిని నేను మోయలేను అన్నాడు. స్వర్ణముఖి ఏటి ఇసుకలో దహనం చేశాం. చిన్నాయనకు పిల్లలు లేరు, కొరివి నేను పెట్టాను. నా గుండు చూసి తాత అడిగితే, పరీక్ష పాసవ్వాలని కొండకు మొక్కుకున్నానని చెప్పాను. తిరుపతి పక్కన పుట్టినవాళ్లకు ఇదొక వెసులుబాటు. గుండు చూసి ఎవరూ చావును అనుమానించరు.

దాచడమంటే ఒక్కరు నోరు మూసుకోవడం కాదని అప్పుడు తెలిసింది. దానికి ఊరంతా పనిచేయాలి. పలకరించడానికి వచ్చినవాళ్లు ముందు తాత దగ్గర కూర్చుని వానల గురించీ, కాయ ధర గురించీ మాట్లాడి, ఆ తర్వాత ఎదురింటి కొట్టంలోకి పోయి నాయనను పట్టుకుని ఏడ్చేవాళ్లు. అన్నిటికన్నా కష్టమైన పని చిన్నమ్మకు పడింది. ఆమె మామగారికి మందు అందించాలి. అందించే చేతికి గాజులుండాలి, వంగిన ముఖాన బొట్టుండాలి. పొద్దున్నే అమ్మ ఆమెకు బొట్టు పెట్టి, పెట్టినందుకు తానే కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయేది. కర్మలు స్వర్ణముఖి దగ్గరే జరిగిపోయాయి. ఆమెకు జరగాల్సినవి మాత్రం ఆపేశారు. తాత లేచి నడిచిన తర్వాత చూద్దామన్నారు.

చిన్నాయన కాయలతో క్రిష్ణగిరి పోయాడని తాతకు చెప్పాం. ఆయన నమ్మాడు. కానీ కారణం తనకు తానే కల్పించుకున్నాడు: వాణ్ణి నేను తిట్టినాను, కోపమొచ్చి పోయినాడు. మొదటి రెండు పూటలు ఏదో తిన్నాడు. తర్వాత రాత్రి సంగటి ముట్టడం మానేశాడు. వాడు రానీ, వానితో తింటా అన్నాడు. తర్వాత పగలు కూడా అదే మాట. గంజి పోస్తే ఒక గుక్క మింగి మిగతాది పెదవుల మూలల నుంచి వదిలేసేవాడు. చెంపలు లోపలికి పోయాయి. కట్టు కట్టిన నాటి తొడ ఇప్పుడు కట్టులో వదులుగా కదిలేది. ఎముక అతకాలంటే తినాలి, తినాలంటే చిన్నాయన రావాలి. నాయన ఆ రెండు వాక్యాలనూ నాకు లెక్క అప్పజెప్పినట్టు చెప్పి, బండి బాగు చేసుకురా అన్నాడు. చప్పుడు వినపడితే చాలు. వాడు వచ్చినాడు, అలసిపోయి పండుకున్నాడు, తెల్లారే పోవాల అని చెబుతాం. ఆయన ఇంత తింటాడు.

బండి ముందు ఫోర్కు వంగింది, లైటు పగిలింది, ఇంజనుకు ఏమీ కాలేదు. సైలెన్సరు మాత్రం లారీ చక్రం కింద చెప్పు అట్టలాగా అణిగిపోయింది. కొత్తది వేయించి, సాయంత్రం కల్వర్టు మీదుగా వాకిట్లోకి తెచ్చి ఆపాను. లోపల అమ్మ గొంతు పెంచి, నీ కొడుకు వచ్చినాడు మామా అంది. తాత కొంచెంసేపు విన్నాడు.

"అది వాని బండి కాదు," అన్నాడు. "ఎవురో వచ్చినారు. పోయి కూర్చోమనండి."

ఆ రాత్రి కూడా తినలేదు. ఇంక నా పని మొదలైంది. నలిగిన సైలెన్సరును పాలిటెక్నిక్ వర్క్‌షాపులో రంపంతో నిలువునా కోశాను. అడ్డురేకులు తీసేశారని అర్థమైంది. లోపలి చిల్లుల గొట్టం ఎంత పొడవో, ఎక్కడ ఆగిందో మాత్రం తెలియలేదు. అణిగినచోట అంతా ఒకే రేకు అయిపోయింది. చప్పుడు మారడానికి ఉన్న దారులు రాసుకున్నాను: పైపు పొడవు, లోపలి గొట్టం చిల్లులు, చుట్టూ దట్టించే గాజుదూది, తోక చివర రంధ్రం, ఇంజను నిలబడి తిరిగే వేగం, మంట అంటుకునే సమయం. ఆరు. ఒక్కొక్కదాన్ని మార్చి చూడాలి, ఒకటి మార్చినప్పుడు మిగతా అయిదూ కదలకూడదు. మాకు నేర్పిన పద్ధతి అది. మంచి పద్ధతే. కానీ మంచం మీద మనిషి తినకుండా ఉంటే అంత నిదానం కుదరదు. నేను ఒకేసారి రెండు మార్చేవాణ్ణి, బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలిసేది కాదు, చెడితే దేన్ని వెనక్కి తిప్పాలో తెలిసేది కాదు.

చిత్తూరులో చిన్నాయనకు ఆ పని చేసిన వెల్డరు మణిని వెతుక్కుంటూ పోయాను. సగం అరవం, సగం తెలుగు మాట్లాడే మనిషి. నలిగిన ముక్కలు చూసి తన పనేనని గుర్తుపట్టాడు. కొలతలు గుర్తులేవన్నాడు. అప్పట్లో వచ్చినవాళ్లందరికీ ఏదో ఒకటి కోసి పంపానన్నాడు. నేను పట్టువదలకపోయేసరికి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"ఇంత ఆత్రం యాడా సూడలేదప్పా. ఏ పాప కోసరం?"

"మా తాత కోసరం," అన్నాను.

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. మణి కూడా నవ్వి, మీ తాతకు ఇంగా పెండ్లి కాలేదా అన్నాడు. నేను కూడా నవ్వాల్సి వచ్చింది. చెబితే ఆ మాట ఏ లారీ డ్రైవరు వెంటో మా ఊరు చేరుతుందని భయం. మూడు పొడవుల్లో గొట్టాలు చేయించుకుని బస్సెక్కాను.

అసలు చిక్కు గొట్టాల్లో లేదు. ఏది సరైనదో చెప్పే చెవి కావాలి. నాయనను అడిగితే వడ్లు దంచినట్టుండేది అన్నాడు. అమ్మ, తిరగలి అంది. నాకు గుర్తున్నది ప్రతి గొట్టంతోనూ కొంచెం కొంచెం మారిపోతూ, ఆఖరికి నేను చేసిందే అసలుదన్నట్టు అనిపించసాగింది. ఆ చప్పుడు తేడా లేకుండా తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరే. ఒకరు మంచం మీద ఉన్నారు. రెండోవాళ్లను అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మ అడిగింది.

కల్వర్టుకు బాగా అవతల, చిన్నాయన మాట్లాడుకున్న తోటలో, కాయలు పోసే పాక దగ్గర చిన్నమ్మను నిలబెట్టాను. ఇంటికి వినపడనంత దూరం. ఆమె పాక గుంజకు వీపు ఆనించి, కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. నేను బండి స్టార్టు చేసి, దూరం పోయి, తిరిగి వచ్చేవాణ్ణి. ఆమె తల అడ్డంగా ఊపేది. గొట్టం మార్చేవాణ్ణి. కాలిన పైపు చేతులకు అంటుకునేది. మళ్లీ పోయి, మళ్లీ వచ్చేవాణ్ణి. మూడు సాయంత్రాలు అట్లా నడిచింది. ఆమె మాట్లాడేది చాలా తక్కువ. ఇంగా లావు, అనేది. ఇంత తొందర లేదు, ఆయన బండి నిదానంగా కొట్టుకుంటాది, అనేది. ఒకసారి, ఆపేముందు సివర్న ఒక దగ్గు ఉంటాది, అది రాలేదు అంది. ఆ దగ్గు కోసం మంట సమయం వెనక్కి తిప్పాను, తోక రంధ్రం కొంచెం మూశాను. నేనొక పనిమంతుడిలాగా ఆమె చెప్పిన ప్రతి మాటనూ ఒక కొలతగా మార్చుకుంటున్నాను. ఆమె ఏం చేస్తున్నదో ఆలోచించలేదు. ఆలోచిస్తే చేయి ఆడేది కాదు.

మూడో సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చి ఆపాను. దగ్గు వచ్చింది. చిన్నమ్మ తల ఊపలేదు. గుంజ పట్టుకుని అట్లాగే కిందికి జారి, మామిడాకుల్లో కూర్చుండిపోయింది. నేను బండి దిగబోతే చేయి అడ్డం పెట్టింది.

"మళ్లా ఒకసారి స్టార్టు చెయ్యి," అంది. "ఊరికే నిలబెట్టు. కొంచేపు."

నిలబెట్టాను. ఆమె ఆ చప్పుడును ఎదురుగా కూర్చున్న మనిషిని చూసినట్టు చూస్తూ ఉండిపోయింది.

మరునాడు దీపాల వేళ కల్వర్టు దాటి వాకిట్లోకి వచ్చి ఆగాను. లోపల నుంచి తాత గొంతు వినిపించింది. సంగటి గెలకమంటున్నాడు. అమ్మ గెలికింది. ఆయన తిన్నాడు, రెండోసారి కూడా వేయించుకున్నాడు. కొట్టంలో నాయన నా భుజం మీద చేయి వేసి నిలబడ్డాడు. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ కడుపునిండా తిన్నారు.

ఇప్పుడు నేను పిల్లలకు నేర్పేది, కొలత సరిపోతే పని అయిపోయినట్టని. ఆ ఇంట్లో కొలత సరిపోయిన దగ్గర నుంచే అసలు కష్టం వచ్చింది. క్రిష్ణగిరిలో ఉన్న కొడుకు కోసం తాత ఎదురుచూశాడు. వాకిట్లో బండి ఆపి కూడా లోపలికి రాని కొడుకును ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. మొదటి రోజు అలసట అన్నాం. రెండో రోజు, నువ్వు నిద్రపోతే వచ్చి చూసిపోయినాడు అన్నాం. ఆ మాటతో ఆయన నిద్ర మానేశాడు. కొడుకు వచ్చేసరికి మెలకువగా ఉండాలని రాత్రంతా కళ్లు తెరుచుకుని, గడప వైపు తల తిప్పడానికి నడుము కదిలిస్తూ ఉండేవాడు. బద్దలు కిర్రుమనేవి. తిన్నది ఒంటికి పట్టలేదు. మానేద్దామంటే మళ్లీ తినడు, కొనసాగిద్దామంటే నిద్రపోడు. నాయన కొత్త అబద్ధం కోసం వెతికేవాడు, నేను రోజూ సాయంత్రం బండి తెచ్చేవాణ్ణి. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోవడం మానేశాం. ఇంతమంది కలిసి ఒక మనిషిని బతికించాలని చూశాం గానీ, ఆయన తన కొడుకుకు తాను అక్కరలేదని రోజూ సాయంత్రం నమ్ముతున్నాడన్నది ఎవరికీ తట్టలేదు.

అట్లాంటి ఒక సాయంత్రం బండి వాకిట్లోకి తెచ్చాను. ఇంజను ఆపేలోగా లోపల నుంచి పిలుపు వినిపించింది. బలం లేని గొంతును ఎక్కడి నుంచో కూడదీసుకుని పిలుస్తున్నాడు.

"ఒరే సిన్నోడా. నా ఎముకలేం అదరలేదురా. నొప్పిలో ఏదో అంటిని. శబ్దముంటే ఉండనీ, బండి మన వాకిట్లోనే పెట్టుకో. లోపలికి రా. నీ ముఖం సూపించి పో."

నేను బండి మీదే ఉండిపోయాను. ఇంజను ఆపితే వచ్చినట్టు, ఆపకపోతే పోతున్నట్టు. ఆ మాట నాకు చెందినది కాదు, చెందినవాడు లేడు. నాయన తిన్నె స్తంభానికి తల ఆనించుకున్నాడు. అప్పుడు చిన్నమ్మ వంటింట్లో నుంచి వచ్చి, మా ఎవరి వైపూ చూడకుండా నడిమింట్లోకి పోయింది. ఆమె ఎన్నడూ తాత ఎదుట కూర్చోలేదు. మందు కూడా పక్కకు నిలబడి ఇచ్చేది. ఆ రోజు మంచం పట్టె మీద కూర్చుంది.

"మామా, ఆయన రాడు," అంది. "నీకు కట్టు కట్టిన వారమే లారీ కింద పడి పోయినాడు. బండి మీద వచ్చేది మన అబ్బోడు."

నేను ఇంజను ఆపి లోపలికి పోయాను. తాత దూలాల వైపు చూస్తున్నాడు. చూపు తిప్పకుండానే, కొరివి ఎవురు పెట్టినారని అడిగాడు. నేనే తాతా అన్నాను. దినాలు చేసినారా అన్నాడు. చేసినామన్నాడు నాయన. తాత తల కొంచెం తిప్పి, పట్టె మీద ఉన్న చిన్నమ్మ చేతినీ, దాని గాజులనూ చూశాడు.

"నాకోసరం నిన్ను ఇట్ల నిలబెట్టినారామ్మా," అన్నాడు. తర్వాత, "నీళ్లు పెట్టండి," అన్నాడు.

చావు చెవినపడితే తలకు పోసుకోవాలి. ఎంత ఆలస్యంగా విన్నా, విన్నప్పుడు పోసుకోవాలి. నాయన మంచం పక్కన కూలబడ్డాడు. కట్టు తడిస్తే ఊడిపోతాది నాయనా, ఎముక పట్టుకోదు, తడిగుడ్డతో తుడుస్తాం అని బతిమాలాడు.

"కొడుకు పోయినాడని ఇని, తుడుసుకోమంటావా?" అన్నాడు తాత. గొంతు పెంచలేదు.

అమ్మ నీళ్లు కాచింది. పలకతో సహా ఆయన్ను పెరట్లోకి మోశాం. నాయన వీపు పట్టుకున్నాడు, నేను కాళ్లు పట్టుకున్నాను. చిన్నమ్మ చెంబుతో తల మీద పోసింది. మొదటి చెంబుకే ఆయన ఏడుపు బయటికి వచ్చింది. ఆ ఏడుపు విని ఎదురింట్లో ఎవరో గొంతెత్తారు. తర్వాత పక్కింట్లో. అన్నాళ్లూ ఊరు దాచిపెట్టుకున్న ఏడుపంతా ఆ సాయంత్రం బయటపడింది. కట్టు మెత్తబడి, గుడ్డలు వదులై, గుడ్డుసొన, ఆకుపసరు నీళ్లతో కలిసి నా చేతుల మీదుగా కారాయి. పెరడంతా ఆ పచ్చి వాసన. నీళ్లు అయిపోయాక చిన్నమ్మ గాజులు ఒక్కొక్కటే తీసి బావిగట్టు మీద పెట్టింది. పగలగొట్టడానికి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

రేపే పుత్తూరు పోదామని నాయన అన్నాడు. నాకు మైల ఈ దినం పట్టింది, పది దినాలు కానీ అన్నాడు తాత. ఆ పది రోజులూ వేళకు తిన్నాడు, రాత్రులు నిద్రపోయాడు. కాలు మాత్రం ఆలోగా తనకు తోచినట్టు వంకరగా అతుక్కుంది. బండిని చిన్నమ్మ పుట్టింటివాళ్లు ఎవరికో అమ్మించారు. అమ్మేముందు, ఆమె అడిగితే, మామూలు సైలెన్సరు బిగించి ఇచ్చాను. తాత ఇంకా కొన్నేళ్లు బతికాడు. ఒక కాలు బెత్తెడు పొట్టిదై, కర్ర పట్టుకుని, ఒకవైపు ఒరిగిపోతూ తోటల్లో తిరిగేవాడు. ఆ నడక చూసి కొత్తవాళ్లు ఎవరైనా, పుత్తూరులో కట్టించుకోలేదా పెద్దాయనా, కట్టు సరిగా కట్టలేదా అని అడిగేవాళ్లు. తాత ఆగి, కర్ర మీద బరువు సర్దుకుని చెప్పేవాడు.

"కట్టు బాగానే కట్టినారప్పా. నేనే కొడుకు కోసరం తలకు పోసుకుంటిని."